వేణ్ణీళ్ళ వార్డెనమ్మ

మా వార్డెనమ్మ పోయిందన్న కబురు వచ్చేసరికి నేను ల్యాబులో ఒక పెద్దాయన చేతికి రబ్బరు పట్టీ కడుతున్నాను. ఫోను మోగుతూనే ఉంది. పట్టీ కట్టిన చేతిని వదిలేసి ఫోను తీయకూడదు. రక్తం తీసి, దూది అద్ది, ఆయన్ను పంపించాక చూశాను. చింతాద్రిపేట హాస్టలు నుంచి, ఒకప్పుడు నాతోపాటు ఉన్న బిల్లింగ్ అక్క. నేను తిరిగి చేస్తే రెండే మాటలు చెప్పింది. "అమ్మ పొద్దున లేవలేదు. నువ్వు రా." నిద్రలోనే ప్రాణం పోయిందట. బయట కార్తీకం వాన పట్టు వదలకుండా పడుతోంది.

వార్డెనమ్మ అంటే చింతాద్రిపేటలో, కూవం వైపు పోయే ఒక సందులో ఉన్న ఆడవాళ్ళ హాస్టలును ఏళ్ళ తరబడి నడిపిన మనిషి. నేను చిత్తూరు పక్క పల్లె నుంచి ల్యాబు ఉద్యోగానికి మద్రాసు వచ్చి, పెళ్ళయ్యేదాకా ఆ హాస్టల్లోనే ఉన్నాను. ఆమెను గురించి రాద్దామని కూర్చుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఒక బాయిలరు. చదివేవాళ్ళకు నవ్వు రావచ్చు. మద్రాసులో వేణ్ణీళ్ళేమిటి, దానికొక బాయిలరేమిటి అని. ఆ నవ్వుకు సమాధానం చెప్పడంలోనే ఆమె తన జీవితంలో ఒక భాగం గడిపింది.

మా హాస్టలు భవనం ఒకప్పుడు చిన్న ప్రసూతి ఆసుపత్రి. అది మూతపడ్డాక జార్జి టౌన్‌లోని కొందరు తెలుగు వ్యాపారులు కలిసి ఒక ట్రస్టు పెట్టి, ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లలకు తక్కువ అద్దెతో నీడ ఉండాలని దాన్ని తీసుకున్నారు. ఆసుపత్రి వాళ్ళు మంచాలు పట్టుకుపోయారు గానీ వెనక రేకుల షెడ్డులో ఉన్న డీజిలు బాయిలరును కదిలించలేక వదిలేశారు. మనిషెత్తు ఇనప పీపా. ముందు భాగంలో నూనెను తుంపరగా చిమ్మి మండించే బర్నరు. పక్కనే దిమ్మె మీద నూనె తొట్టి. రేకులు చీల్చుకుని పైకి పోయే పొగ గొట్టం. అన్ని స్నానాల గదులకూ దాని నుంచే గొట్టాలు వెళ్ళేవి.

నేను చేరింది మార్గశిరంలో. ఆరింటికల్లా ల్యాబులో ఉండాలి. మొదటి రోజు తెల్లారకముందే తలుపు మీద వేళ్ళ చప్పుడు.

"ఏమ్మే చిత్తూరు పాపా, లెయ్. వేణ్ణీళ్ళు వస్తుండాయి. పోసుకో పో."

"చన్నీళ్ళు చాలమ్మా, అలవాటే," అన్నాను మొహమాటంతో.

"అలవాటు సంగతి నేనడగలా. ఈడ గాలిలో తేమ జాస్తి. నాలుగు రోజులు చన్నీళ్ళు పోసుకుని ఐదోరోజు జొరంతో పండుకుంటే నీ కంచం నేను మోసుకురావాల. పో."

అదీ ఆమె ప్రేమ. దానికి ఎప్పుడూ ఒక కారణం జోడించి ఇచ్చేది, మనం మొయ్యలేనంత బరువుగా ఉండకూడదని.

పొట్టి మనిషి. జరీ లేని నూలు చీర, కుచ్చెళ్ళు కాస్త ఎత్తి దోపుకుని ఉండేది. ఆమె పూర్వీకులు కుంపిణీ కాలంలో నేతపనికి వచ్చి చింతాద్రిపేటలో స్థిరపడ్డారట. తమిళం, తెలుగు ఒకే వాక్యంలో కలిపి మాట్లాడేది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని మేమెవరం అడగలేదు, ఆమె చెప్పలేదు. పొద్దున్నే కాఫీ తాగి నేరుగా పెరట్లోకి వెళ్ళి, షెడ్డు తలుపు తీయకముందే తలెత్తి పొగ గొట్టం కొన వైపు చూసేది. తర్వాత నూనె తొట్టిలో ఒక పాత చెక్క స్కేలు ముంచి, తడి ఎంతవరకు ఉందో చూసి, గుడ్డతో తుడిచి మేకుకు తగిలించేది. ఆమె దగ్గరికి వెళ్తే గంధం సబ్బు వాసన, దాని వెనకే సన్నగా డీజిలు వాసన వచ్చేవి.

"పొగ కంటికి కనపడకుంటే అది బాగుండాదని అర్థం," అనేది. "నల్లగా కనపడిందంటే మనం కొన్న నూనె కాలకుండా ఆకాశానికి పోతా ఉండాది."

మేం రెండు జట్లుగా స్నానాలు చేయాలి. మొదటి జట్టు పొద్దున డ్యూటీ వాళ్ళు, రెండోది ఆఫీసుల వాళ్ళు. మధ్యలో ఎవరైనా బద్ధకించి ఆలస్యం చేస్తే, చల్లారిన నీళ్ళను ఒక్కరి కోసం మళ్ళీ కాచడం జరగదు. బకెట్టులో సగం వేణ్ణీళ్ళు, సగం చన్నీళ్ళు. జొరమొచ్చిన వాళ్ళకూ, నెలసరి నొప్పితో ఉన్నవాళ్ళకూ ఈ లెక్కలేవీ లేవు. చెప్పక్కర్లేకుండానే తలుపు దగ్గర నిండు బకెట్టు ఉండేది.

ఆ నీళ్ళు అందరికంటే అవసరమైంది బిల్లింగ్ అక్కకు. జార్జి టౌన్‌లో ఒక కాగితాల హోల్‌సేల్ కొట్లో బిల్లులు కొట్టే పని ఆమెది. వాన కాలం వచ్చిందంటే కీళ్ళవాతంతో వేళ్ళు బిగుసుకుపోయేవి. నిద్ర లేవగానే గ్లాసు పట్టుకోలేకపోయేది. ఒక బేసిన్‌లో వేడినీళ్ళు పోసి చేతులు ముంచుకుని కూర్చుంటే నెమ్మదిగా ఒక్కొక్క వేలూ కదిలేది. వార్డెనమ్మ ఎదురుగా కూర్చుని, "ఇప్పుడు పిడికిలి పట్టు. ఇప్పుడు విప్పు," అంటుండేది. వేళ్ళు కదిలితేనే అక్కకు ఉద్యోగం. ఉద్యోగం ఉంటేనే ఆమెకు ఈ ఊళ్ళో చోటు. వెనక్కి వెళ్ళడానికి ఆమెకు ఇల్లంటూ లేదు.

నేను చేరిన మరుసటి ఏడాది డీజిలు ధర బాగా పెరిగింది. అదే సమయంలో బాయిలరు మొరాయించడం మొదలుపెట్టింది. నూనె ఎక్కువ తాగి, నీళ్ళు తక్కువ కాగేవి. గొట్టం నుంచి నల్లటి పొగ. పక్క మేడ వాళ్ళు ఆరేసిన బట్టల మీద మసి పడిందని వచ్చి గొడవ చేశారు. వానలు మొదలైన వారంలోనే ట్రస్టు సెక్రటరీ గారు వచ్చారు. మెత్తని మనిషి, జార్జి టౌన్‌లో మిరపకాయల వ్యాపారం. నేను ఆ రోజు సెలవులో ఉండి, ఆఫీసు గదిలో బియ్యం ఏరుతున్నాను. వాళ్ళ మాటలన్నీ విన్నాను.

"అమ్మా, ఇంక దాన్ని ఆపేద్దాం," అన్నారాయన. "నూనెకు పోసేదంతా చూస్తే రేపు అద్దె పెంచాల్సి వస్తాది. అయినా మద్రాసులో వేణ్ణీళ్ళేందమ్మా? కొళాయి నీళ్ళే వెచ్చంగా ఉంటాయి గదా."

వార్డెనమ్మ ఆయనకు కాఫీ ఇచ్చి, కూర్చుంది. "సార్, మీ ఇంట్లో గీజరు ఉండాదా?"

"ఉండాది."

"ఎందుకు పెట్టుకున్నారు?"

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టారు. "అయితే ఈడ కూడా గదికొకటి కరెంటు గీజరు పెడదామా?" అన్నారు.

"అది నేనూ అడిగినా సార్. ఈ పాత వైర్లు అంత బరువు మొయ్యవని కరెంటాయన చెప్పినాడు. గోడలన్నీ పగలగొట్టి కొత్తగా వెయ్యాల. అదిప్పుడు మనవల్ల అవతాదా?"

"కాదు."

"అద్దె పెంచితే సగం మంది పిల్లలు బయటికి పోతారు. వేణ్ణీళ్ళు ఆపితే ఒకమ్మి ఉద్యోగమే పోతాది. రెండూ నాకొద్దు. పొంగల్ దాకా టైమియ్యండి. ఖర్చు దించి చూపిస్తా. దించలేకపోతే మీరు ఆపే పన్లేదు, నేనే ఆపేస్తా."

"ఎట్టా దించుతావమ్మా?"

"ఎట్టాననేది ఇంకా తెలీదు సార్. తెలుసుకుంటా."

ఆయన పొంగల్ దాకా గడువిచ్చి వెళ్ళారు. నాకు ఆమె మీద గౌరవం కలిగింది ఆ ఆఖరి జవాబు వల్ల. తెలీదని చెప్పడానికి సిగ్గుపడలేదు. తెలుసుకుంటానని చెప్పడానికి భయపడలేదు.

మర్నాడే వ్యాసర్పాడి వెళ్ళింది. అక్కడ రైల్వే వర్కుషాపులో పనిచేసి రిటైరైన మేస్త్రీ ఒకాయన ఉన్నారని ఎవరో చెప్పారట. ఆయన వచ్చి బాయిలరు చుట్టూ ఒకసారి తిరిగి, చేత్తో తట్టి పెదవి విరిచాడు.

"దీని కాలం అయిపోయిందమ్మా. బర్నరు మార్చాల. మార్చినా గ్యారంటీ చెప్పలేను. కొత్తది తీసుకోండి."

"కొత్తదానికి ట్రస్టులో డబ్బు లేదన్నా. విప్పకుండానే చెప్తే ఎట్టా? ముందు విప్పు. లోపలేముండాదో నేను కూడా చూస్తా."

మేస్త్రీ ఇష్టం లేకుండానే విప్పాడు. పొగ పోయే లోపలి గొట్టాలు మసితో సగానికి పూడుకుపోయి ఉన్నాయి. నీళ్ళు తిరిగే వైపు బోరు నీళ్ళ ఉప్పు గార కట్టి, గోటితో గీరితే పెచ్చులుగా ఊడింది. నూనె చిమ్మే నాజిలు రంధ్రం అరిగి పెద్దదైపోయింది. గాలి ఊదే ఫ్యాను రెక్కలకు జిడ్డు పట్టి ఉంది. మేస్త్రీ చాలాసేపు లోపలికి టార్చి వేసి చూసి, మాట మార్చాడు. "ఇనుము బాగుండాదమ్మా. ఎవరూ కడగలేదు, అంతే."

"అయితే కడుగుదాం," అంది వార్డెనమ్మ.

ఆ ఆదివారం మాలో ఊరికి పోనివాళ్ళమంతా పాత నైటీలు వేసుకుని, ముక్కులకు గుడ్డలు కట్టుకుని పెరట్లోకి దిగాం. పొడవాటి తీగ బ్రష్షులతో గొట్టాలు తోముతుంటే మసి మా కనురెప్పల మీద వాలింది. మేస్త్రీ గార కరిగించే మందు నీళ్ళలో కలిపి లోపల తిప్పి, కడిగి, మళ్ళీ తిప్పాడు. బయటికి వచ్చిన నీళ్ళు పిండి కలిపినట్టు తెల్లగా ఉన్నాయి. కొత్త నాజిలు, కొత్త నూనె జల్లెడ వేశారు. బయట ఉన్న వేడి గొట్టాలకు, వేడి గాలికి పోకుండా, వార్డెనమ్మ గాజు పీచు పట్టీలు తెచ్చి, చీర చెంగు బిగించి తనే చుట్టింది. అన్నిటికీ అయిన ఖర్చు తన జీతంలోంచి పెట్టిందని తర్వాతెప్పుడో వంటామె చెప్పింది. సాయంత్రం బాయిలరు వెలిగిస్తే గొట్టం కొన మీద గాలి కాస్త వణికినట్టు కనిపించింది తప్ప పొగ లేదు. వార్డెనమ్మ తలెత్తి చూస్తూనే, "రేపు ఆ పక్క మేడ ఆమెను పిలిచి చూపించాల," అంది.

అప్పుడే మేస్త్రీ ఆమెకు బర్నరు మీది ఎర్ర బొత్తాం సంగతి చెప్పాడు. మంట అంటుకోకపోతే యంత్రం తనంతట తనే ఆగిపోతుంది. మళ్ళీ మొదలుపెట్టాలంటే ఆ బొత్తాం నొక్కాలి. అంటుకోలేదు కదా అని పదే పదే నొక్కితే కాలని నూనె లోపల చేరి, ఒక్కసారిగా భగ్గుమంటుంది. వార్డెనమ్మ ఆ మాటను తనదిగా చేసుకుంది. మాలో ఎవరం షెడ్డులో అడుగుపెట్టినా చెప్పేది. "ఒక్కసారి నొక్కు. అంటుకోకపోతే ఎందుకంటుకోలేదో చూడు. మళ్ళా మళ్ళా నొక్కబాకు."

పనైపోయిందనుకున్నాం. పొంగల్‌కు ఇంకా చాలా రోజులుండగా తుఫాను వాన పట్టుకుంది. సందులో మోకాళ్ళ దాకా నీళ్ళు. రెండో రోజు పొద్దున బర్నరు దగ్గినట్టు రెండు చప్పుళ్ళు చేసి ఆగిపోయింది. వార్డెనమ్మ ఒక్కసారి బొత్తాం నొక్కింది. మళ్ళీ అదే చప్పుడు. ఇక నొక్కలేదు. మేస్త్రీకి ఫోను చేస్తే వ్యాసర్పాడి సబ్‌వే మునిగిందట, రాలేనన్నాడు.

వంటగదిలో గ్యాసు మీద పెద్ద గిన్నె పెట్టించింది. ఆ నీళ్ళు బిల్లింగ్ అక్క బేసిన్‌కు, జొరంతో ఉన్న ఇద్దరు పిల్లలకు. మిగతావాళ్ళు ఆ రోజుకు చన్నీళ్ళే. ఒకమ్మాయి విసుక్కుంది. "సుమ్మా, ఊరికే ఆపేసుంటే సరిపోయేది, ఎందుకమ్మా ఈ పాటు?"

వార్డెనమ్మకు కోపం రాలేదు. "నువ్వు గొడుగు పట్టుకో, చాలు," అని ఆ అమ్మాయినే షెడ్డుకు తీసుకుపోయింది. రేకుల్లోంచి వాన కారుతోంది. నేను ఫోను స్పీకరులో పెట్టి పట్టుకున్నాను. అవతల మేస్త్రీ ఒక్కో మాటా చెప్తున్నాడు.

"అమ్మా, తొట్టి అడుగున కొళాయి ఉంటాది చూడండి. గాజు సీసా పెట్టి కొంచెం వదలండి. ఏం వస్తుండాది?"

ఆమె సీసాను వెలుతురుకు పట్టుకుంది. అడుగున తెల్లగా ఒక పొర, దాని మీద పసుప్పచ్చని నూనె. "రెండు రంగులుగా ఉండాదన్నా."

"కింద ఉండేది నీళ్ళు. తేమకు తొట్టిలో చేరుంటాది, లేకుంటే మూతలోంచి వాన దిగుంటాది. ఒకటే రంగు వచ్చేదాకా వదలతానే ఉండండి. ఆ తర్వాత జల్లెడ విప్పి కడగండి."

ఆమె నేల మీద చతికిలబడి వదులుతూనే ఉంది. సీసా తర్వాత సీసా. చీర అంచు మురికి నీళ్ళలో తేలుతోంది. ఆరోగ్యం అంతంత మాత్రం, మోకాళ్ళు వంగవు. ఒకసారి లేవబోయి పట్టు దొరక్క మళ్ళీ కూర్చుండిపోయింది. నేను చెయ్యి అందిస్తే, "ఉండు, ఇంకా రంగు మారలా," అంది. చివరికి సీసాలో ఒకే రంగు వచ్చింది. జల్లెడ కడిగి బిగించింది. మమ్మల్నందరినీ బర్నరు ఎదురుగా నిలబడకుండా పక్కకు జరిపింది. బొత్తాం ఒక్కసారి నొక్కింది. ఫ్యాను కాసేపు తిరిగి లోపలి ఆవిరిని బయటికి తోసింది. టిక్కుమని చప్పుడు. చిన్న అద్దంలోంచి పసుపు వెలుగు ఆమె మొహం మీద పడింది. గొడుగు పట్టుకున్న అమ్మాయి ఏడవడం మొదలుపెట్టింది. వార్డెనమ్మ చేతులు తుడుచుకుంటూ, "ఏడ్చింది చాలు. పో, రెండో జట్టు వాళ్ళను లేపు," అంది. ఆ తర్వాత తొట్టి మూతకు ఆమె కుట్టించిన రబ్బరు తొడుగు ఇప్పటికీ ఉంది.

పొంగల్‌కు ముందు సెక్రటరీ గారు వచ్చి, ఆ చెక్క స్కేలును తనే తొట్టిలో ముంచి చూశారు. నూనె వాడకం బాగా తగ్గింది. ఆయన స్కేలు తుడిచి మేకుకు తగిలించి, "అద్దె పెంచేది లేదమ్మా," అన్నారు. కొన్నేళ్ళ తర్వాత ఆయనే పట్టుబట్టి మేడ మీద సోలారు పలకలు పెట్టించారు. ఎండ ఉన్న నెలల్లో నీళ్ళు వాటితోనే కాగుతాయి. బాయిలరు వానల్లోనూ, మబ్బు పట్టిన మార్గశిరంలోనూ పనిచేస్తుంది. బిల్లింగ్ అక్క ఉద్యోగం పోలేదు. ఇప్పటికీ అదే కొట్లో బిల్లులు కొడుతోంది.

నా సంగతి కూడా ఒకటి చెప్పాలి. ప్రభుత్వ ల్యాబ్ ఉద్యోగాల పరీక్ష రాసి తప్పాను. వెంటనే మళ్ళీ ఫీజు కట్టబోతుంటే వార్డెనమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "ఎందుకు తప్పినావో చూసినావా?" అంది. చూడలేదన్నాను. "అయితే ఫీజు కట్టబాకు. ముందు చూడు." చూస్తే తెలిసింది, నేను తప్పింది ల్యాబు పాఠాల్లో కాదు, తమిళం పేపర్లో. ఏడాదిపాటు రాత్రి భోజనాలయ్యాక ఆమే నాకు తమిళం నేర్పింది. ఈ రోజు నేను చేస్తున్న ఉద్యోగం ఆ చదువు వల్ల వచ్చిందే.

ఆఖరి రెండేళ్ళు ఆమెకు చూపు తగ్గింది. గుంటూరు వైపు నుంచి వచ్చిన కొత్త వార్డెన్‌కు పనులన్నీ అప్పగించి, కింది గదిలోనే ఉండిపోయింది. నేను ఎప్పుడు చూడబోయినా కుర్చీ పెరటి గుమ్మంలో ఉండేది. పొగ కనపడదు కాబట్టి చెవితో వినేది. ఒకసారి నేను మాట్లాడుతుంటే చెయ్యెత్తి ఆపింది. "ఫ్యాను శబ్దం మారుండాది. ఆ అమ్మిని పిలువు." కొత్త వార్డెన్ వచ్చి చూస్తే బోల్టు ఒకటి వదులైంది. ఆ అమ్మాయి నాతో, "మొదట్లో విసుగొచ్చేదండీ. ఇప్పుడామె పిలవకపోతే భయమేస్తోంది," అంది.

కబురు అందిన రోజు నేను వెళ్ళేసరికి సందంతా గొడుగులు. పాత పిల్లలు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. సెక్రటరీ గారు చేతికర్ర ఊతగా పట్టుకుని గోడ పక్కన నిలబడి ఉన్నారు. వ్యాసర్పాడి మేస్త్రీ పోయి చాలా కాలమైంది, ఆయన కూతురు వచ్చింది. మధ్యాహ్నానికి ముందే వార్డెనమ్మ తమ్ముడి కొడుకు తలకొరివి పెట్టడానికి ముందు నడిచాడు. మగవాళ్ళు తీసుకుపోయాక గుమ్మంలో నిలబడ్డ ఆడవాళ్ళమంతా తలారా నీళ్ళు పోసుకోవాలి. అంతమందిమి, ఆ వానలో. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. కొత్త వార్డెన్ కళ్ళు తుడుచుకుంటూ షెడ్డులోకి పోయింది. కాసేపటికి కొళాయిల్లోంచి వెచ్చటి నీళ్ళు వచ్చాయి. ఒకరి తర్వాత ఒకరం పోసుకుని వచ్చాం. చాలామందిమి కట్టుబట్టలతో వచ్చాం, మార్చుకోవడానికి ఏమీ లేవు. హాస్టలు పిల్లలు తమ నైటీలు తెచ్చి ఇచ్చారు.

మధ్యాహ్నం దాటాక వాన ఆగి కాస్త ఎండ పొడిచింది. తడి చీరలన్నీ మేడ మీదికి తీసుకుపోయాం. తీగలు చాలలేదు. సోలారు పలకల పక్కన, పిట్టగోడ మీద, నీళ్ళ తొట్టి నిచ్చెన మీద చీరలు పరిచారు. బ్యాంకులో మేనేజరుగా ఉన్న ఆమె, ఇద్దరు మనవలున్న ఆమె, నేను, అందరం పొట్టివైపోయిన పూల నైటీల్లో, చేతులు ముడుచుకుని, తడి జుట్టు వీపుల మీద ఆరబోసుకుని పిట్టగోడకు ఆనుకుని కూర్చున్నాం. ఎవరి ఇంటి నుంచో ఫోను వస్తే, "చీర ఇంకా ఆరలేదు, వస్తా," అని చెప్పి పెట్టేస్తున్నారు. చీరల అంచుల నుంచి నీటి బొట్లు ఒక్కొక్కటే నేల మీద పడుతున్నాయి.